పచ్చని నీటిలో మైలుతుత్తము

గత వేసవిలో ఒక పాఠకురాలు ఈ వ్యాసకర్తకు ఒక ఉత్తరము వ్రాసిరి. వారి డాబాపై మూతలేని సిమెంటు తొట్టి కలదు. దగ్గరలోని చెరువు నుండి గొట్టము ద్వారా వచ్చు నీరు అందులో నిలువ యుండును. ఎండలు ముదిరిన కొలది ఆ నీరు పచ్చబారి పచ్చివాసన వేయసాగినది. అత్తగారు పూర్వపు అలవాటు ప్రకారము ఒక మైలుతుత్తపు గడ్డను పలుచని గుడ్డలో మూటగట్టి తొట్టిలో వ్రేలాడదీసిరి. నాలుగు దినములలో నీరు అద్దమువలె తేటపడినది. "ఈ నీటిని కాచి చల్లార్చి, రాగి బిందెలో నింపి, పిల్లలకు త్రాగుటకు ఇయ్యవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ఇయ్యరాదని ఆనాడే కార్డు వ్రాసితిని. కాని ఎందుకు ఇయ్యరాదో చెప్పుటకు కార్డు చాలదు. ఆ ప్రశ్నలో మన గృహములలో తరతరములుగా గౌరవింపబడుచున్న నమ్మకములు మూడు కలవు. తేటగా నున్న నీరు మంచిది. కాచిన నీటికి దోషము లేదు. రాగి తగిలిన నీరు ఆరోగ్యకరము. ఈ మూడును తమ తమ స్థానములలో నిజములే. పచ్చని తెట్టు పట్టిన నీటి విషయమున మాత్రము మూడును మనలను మోసగించును.

అన్ని పాచులు ఒకటి కావు

మనము పాచి అనియు, నాచు అనియు ఒకే మాటతో పిలుచునది ఒకే జాతి కాదు. బావిమెట్లపై జారుడుగా పట్టునది, నీటిలో దారములవలె తేలునది చాలవరకు ఆకుపచ్చ శైవలములు. వీనివలన పెద్ద హాని లేదు. ఎండకాలమున కదలని నీటిపై పచ్చరంగు పెయింటు ఒలికినట్లు పరచుకొని, గాలివాటమున ఒడ్డుకు చేరి, మీగడవలె గట్టిపడి, ఎండినచోట నీలిచారలు తేలునది వేరు. వీనిని నీలి ఆకుపచ్చ శైవలములందురు. నిజమునకు ఇవి మొక్కలు కావు. సూర్యరశ్మితో తమ ఆహారమును తాము వండుకొను బాక్టీరియాలు. అందుచేతనే శాస్త్రజ్ఞులు వీనిని సయనోబాక్టీరియా అని వ్యవహరించుచున్నారు.

వీనిలో మైక్రోసిస్టిస్ మొదలగు కొన్ని జాతులు మైక్రోసిస్టిన్ అను విషమును తయారుచేయును. అది ప్రేగుల ద్వారా రక్తములో చేరి, తిన్నగా కాలేయమునకు పోయి, అచటి కణముల పనిని స్తంభింపజేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటిలో దీర్ఘకాలము వాడుటకు దీనికి విధించిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము మాత్రమే. అనగా గ్రామును పదిలక్షల భాగములు చేసినచో అందొక భాగము. ఒకే చెరువులో ఒకే జాతికి చెందిన విషము గల తెగ, విషము లేని తెగ ప్రక్కప్రక్కనే పెరుగుచుండును. కంటితో చూచి వీనిని వేరుచేయు ఉపాయము లేదు.

ఈ సంగతి క్రొత్తది కాదు. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సులో ఇట్టి తెట్టు త్రాగి గొఱ్ఱెలు, గుఱ్ఱములు, కుక్కలు మరణించుటను గూర్చి జార్జి ఫ్రాన్సిస్ అను రసాయనజ్ఞుడు 1878లోనే నేచర్ పత్రికలో ప్రకటించెను. మన సుశ్రుతుడు కల్పస్థానమున విషదూషితమైన నీటి లక్షణములు చెప్పుచు, నీరు జిగటగా నుండుట, దుర్గంధము, నురుగు, పైన చారలు, చేపలును కప్పలును చచ్చుట, ఆ చెంత తిరుగు పశుపక్ష్యాదులు తల్లడిల్లుట అని పేర్కొనెను. ఆయన చెప్పినది శత్రువులు నీటిలో విషము కలిపిన సందర్భము. అయినను వేసవి చివర మన ఊరి చెరువుగట్టున నిలిచి చదివినచో ఆ వర్ణన ఎంత దగ్గరగా నుండునో పాఠకులే చూడగలరు.

పామ్ ద్వీపపు పిల్లలు

ఇక లోహము సంగతి. నీలి శైవలములు ఇతర శైవలముల కంటె రాగికి త్వరగా లొంగును. ఈ గుణమును కనిపెట్టి, 1904లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అను ఇరువురు నీటిసరఫరా చెరువులలో మైలుతుత్తము చల్లి పాచిని చంపు పద్ధతిని ప్రకటించిరి. అది చౌక, సులభము. ఫలితము కొద్ది దినములలోనే కంటికి కనిపించును. అనేక దేశములలో పట్టణములకు నీరిచ్చు జలాశయములలో ఇదే ఆచారమైనది.

ఆస్ట్రేలియా ఈశాన్య తీరమున, టౌన్స్‌విల్ పట్టణమునకు సమీప సముద్రములో పామ్ ద్వీపము కలదు. అచట నివసించువారిలో అత్యధికులు ఆ దేశపు ఆదివాసులు. సాలమన్ డామ్ అను చిన్న జలాశయము వారికి త్రాగునీటి ఆధారము. 1979లో ఆ నీటిపై దట్టముగా పాచి పెరిగి, రుచి, వాసన చెడినవని ప్రజలు మొరపెట్టుకొనిరి. అధికారులు నలుగురు చేయు పనియే చేసిరి, మైలుతుత్తము వేసిరి. పాచి చచ్చినది. కొద్ది దినములలో, నవంబరు మాసమున, ద్వీపములోని పిల్లలు వరుసగా ఆసుపత్రికి రాసాగిరి. మొదట వాంతులు, తలనొప్పి, అన్నద్వేషము, కుడిప్రక్క డొక్కలో నొప్పితో కాలేయము వాచుట, పిదప రక్తవిరేచనములు, మూత్రములో మాంసకృత్తులు, చక్కెర పోవుట. మొత్తము 148 మంది జబ్బుపడిరి. అందు 138 మంది పిల్లలు. దైవానుగ్రహమున అందరును బ్రతికిరి.

కారణము వెంటనే తెలియలేదు. వైద్యులు దానిని "పామ్ ద్వీపపు అంతుచిక్కని వ్యాధి" అని పిలిచిరి. తరువాత ఆ జలాశయములో పెరుగు సిలిండ్రోస్పెర్మాప్సిస్ అను నీలి శైవలమును ప్రయోగశాలలో ఎలుకలకు ఇచ్చి చూడగా, దానికి కాలేయమును నాశనము చేయు శక్తి గలదని 1985లో వెల్లడియైనది. 1992లో ఆ విషపదార్థమును వేరుచేసి సిలిండ్రోస్పెర్మాప్సిన్ అని పేరిడిరి.

జరిగినదేమో ఇప్పుడు సులభముగా గ్రహింపవచ్చును. ఈ శైవలముల విషములో పెద్దభాగము అవి బ్రతికియున్నంతకాలము కణములలోపలనే యుండును. మైక్రోసిస్టిస్ విషయములో ఇది మఱింత నిజము. రాగి కణపు పైపొరను చీల్చును. లోపలి విషమంతయు ఒక్కసారిగా నీటిలో కరగిపోవును. అంతవరకు పచ్చదనముగా కంటికి కనిపించిన శత్రువు తేటనీటిలో దాగికొనును. ఇసుక వడపోత గాని, నాలుగు మడతల గుడ్డ గాని కణమును ఆపగలదే తప్ప, కరగిన విషమును ఆపలేదు. పాఠకురాలి తొట్టిలో నీరు తేటపడిన నాలుగవ దినమే మిక్కిలి ప్రమాదకరమైన దినము కావచ్చునని నేను భయపడుటకు కారణమిదియే.

ఇందొక వివాదము కలదు. పామ్ ద్వీపములో పిల్లలను బాధించినది శైవల విషము కాదు, మోతాదు మించిన రాగియే అని వాదించినవారున్నారు. 2004లో కూడ ఆ దేశపు వైద్యపత్రికలో ఈ చర్చ మరల వచ్చినది. శైవల విషమను వాదమే బలమైనదని నా అభిప్రాయము. రెండవ వాదమే నిజమైనను గృహస్థునకు దక్కు ఊరట ఏమున్నది? రెండు మార్గములును మైలుతుత్తపు మూట దగ్గరనే కలిసికొనుచున్నవి.

ఇది తుత్థమునకు నింద కాదు. నెమలికంఠపు వన్నె గల ఈ ద్రవ్యమును మయూరతుత్థమని మన రసశాస్త్రము ఆదరించినది. కాని శుద్ధి చేయక ముట్టరాదని కూడ అదే శాస్త్రము శాసించినది. నిమ్మరసముతో నూరి భావన చేయుచున్నపుడు చేతికి తగిలినను వెంటనే కడిగికొమ్మని గురువులు మమ్ము గద్దించెడివారు. అశుద్ధ తుత్థము వమనమును, దాహమును, మంటను కలిగించును. గుడ్డమూటకు మాత్ర ఏది? ఎంత కరగినదో ఎవరు కొలిచిరి?

లోహము మేతయగును, విషమగును

"లోహములు విషములైనచో కర్మాగారముల మురుగు చేరు చెరువులలో పాచి పెరుగరాదు గదా?" అని చదువుకొన్న మిత్రులొకరు నన్నడిగిరి. మంచి ప్రశ్న. హైదరాబాదు వాసులకు దీనికి సాక్ష్యము కన్నుల ఎదుటనే కలదు. ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన హుస్సేన్‌సాగరములో కూకట్‌పల్లి నాలా ద్వారా దశాబ్దముల తరబడి పరిశ్రమల వ్యర్థములును ఇండ్ల మురుగును కలిసి చేరినవి. నిమజ్జనము చేసిన విగ్రహముల రంగులలోని లోహములు వానికి తోడైనవి. ఇందులకే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లోను, మరల 2020లోను నిమజ్జనమునకు నియమములు విధించి, సహజమైన రంగులనే వాడుమని చెప్పినది. ఇన్ని లోహములు చేరినను ఆ సాగరముపై మైక్రోసిస్టిస్ తెట్టు ఆగలేదు.

కారణములు పెక్కు. మురుగునీటిలోని సేంద్రియ పదార్థము లోహమును పట్టి ఉంచును. అట్లు బద్ధమైన రాగి కణమును బాధింపలేదు. పచ్చదనము దట్టమైనపుడు పగటివేళ నీరు క్షారగుణము పొందును. అపుడు లోహములు విడివడి అడుగు బురదలో చేరును. ఆ బురదలో ప్రాణవాయువు లేనపుడు ఇనుమును, దానితో కట్టుబడియున్న భాస్వరమును మరల పైకి వచ్చి పాచికి క్రొత్త మేతయగును.

మేత అనుట అతిశయోక్తి కాదు. ఇనుము లేనిదే ఈ శైవలములు సూర్యరశ్మిని వినియోగించుకొనలేవు. గాలిలోని నత్రజనిని పట్టుకొను జాతులకు మాలిబ్డినము కూడ కావలెను. జింకు, రాగి లేశమాత్రము అవసరమే. ఈ మాత్ర మారినపుడు విషము ఎట్లు మారునను విషయమున పరిశోధకులలో ఏకాభిప్రాయము లేదు. 1993లో ప్రకటింపబడిన ప్రయోగములో, ఇనుము తగ్గినపుడు మైక్రోసిస్టిస్ నెమ్మదిగా పెరిగినది గాని, 20 నుండి 40 శాతము అధికముగా విషము చేసినది. 1995లో నార్వే పరిశోధకులు ఇందుకు విరుద్ధముగా ఇనుము వలన విషము హెచ్చునని కనుగొనిరి. ఒకే ఆహారము వాతప్రకృతికి ఒక విధముగను, కఫప్రకృతికి మరియొక విధముగను పనిచేయుట చూచు వైద్యునకు ఇందు ఆశ్చర్యము లేదు. పాచి తెగ వేరు, వెలుతురు వేరు, నీరు వేరు. ఇంత మాత్రము స్పష్టము: లోహము చేరిన నీటిలో విషము తగ్గునని ఎవరును భరోసా ఇయ్యజాలరు.

మైక్రోసిస్టిస్ కణములు గుంపులుగా జిగురు పొరలో చుట్టుకొని యుండును. ఆ జిగురు సీసము, కాడ్మియము, రాగి వంటి లోహములను అంటించుకొనును. కావున ఒడ్డున ఎండిన తెట్టులో శైవల విషమును లోహములును రెండును పేరుకొని యుండవచ్చును. ఆ తెట్టును పొలమునకు ఎరువని తోలుట, పశువులను దానిలోనుండి నీటికి దింపుట మంచివి కావు.

దీర్ఘకాలము రాగి వాడిన చోట ఏమైనదో తెలియవలెనన్న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఫెయిర్‌మాంట్ చెరువులను చూడవలెను. అచట 58 సంవత్సరములు మైలుతుత్తము వేసిరి. 1984లో వెలువడిన సమీక్ష ప్రకారము వేసినప్పుడెల్ల పాచి తాత్కాలికముగా తగ్గినది; మరల వచ్చినది. క్రమముగా కొన్ని పాచిజాతులు రాగికి అలవాటుపడి హెచ్చు మోతాదు కోరినవి. ఆకుపచ్చ శైవలముల స్థానమును నీలి శైవలములే ఆక్రమించినవి. అడుగున రాగి పేరుకొన్నది, నీటిమొక్కలు మాయమైనవి, మంచి చేపలు తగ్గి నాసిరకము చేపలు మిగిలినవి. పాచిని మేయు నీటి ఈగలు పాచికన్న ముందే రాగికి బలియగుట కూడ తెలిసిన విషయమే. కాపలావానిని చంపి దొంగను బెదరించినట్లయినది. స్పెయిన్ దేశపు పరిశోధకులు 2004లో మైక్రోసిస్టిస్‌లో రాగిని తట్టుకొను కణములు సహజముగానే అరుదుగా పుట్టుచుండుననియు, రాగి వేసినపుడు అవియే మిగిలి వృద్ధి పొందుననియు నిరూపించిరి. చేపల చెరువులు గల మన జిల్లాల రైతులు ఈ ముక్క గుర్తుంచుకొనవలెను.

కాచుట, రాగి బిందె

రాగి బిందెను నేను నిందించుట లేదు. మా ఇంట నేటికిని అదియే. బెంగళూరులోని పరిశోధకులు 2012లో, రాగిపాత్రలో 16 గంటలు నిలువయుంచిన నీటిలో కలరా, విరేచనములు కలిగించు సూక్ష్మజీవులు నశించుననియు, నీటిలో చేరు రాగి అనుమతించిన హద్దుకు చాల లోపుననే యుండుననియు చూపిరి. అయితే అచట చచ్చినది ప్రాణి. శైవల విషము ప్రాణి కాదు, పదార్థము. ప్రాణము లేనిదానిని రాగి చంపుట ఎట్లు? పైగా నీటిలో బ్రతికియున్న శైవల కణములు మిగిలియున్నచో, రాత్రంతయు రాగి సాంగత్యమున అవి పగులుటకే అవకాశము హెచ్చు.

కాచుట మఱియు ప్రమాదకరము. మైక్రోసిస్టిన్ మరగునీటి వేడికి చెడదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన దానిలో విషము చిక్కబడును. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరపు కుళాయినీటిలో ఈ విషము కనిపించినపుడు, దాదాపు నాలుగు లక్షల మందిని ఆ నీరు త్రాగవద్దని హెచ్చరించుచు, కాచరాదని కూడ ప్రత్యేకముగా చెప్పిరి.

చెడిన నీటిని కాచుమని, ఎండలో వేడిచేయుమని, కాల్చిన ఇనుపగుండు ముంచుమని సుశ్రుతుడు చెప్పెను గదా అని పండితులు అడుగవచ్చును. చెప్పెను. కాని ఆయన శైవాలము, తృణము కప్పి, సూర్యచంద్రుల కిరణములు, గాలి సోకని నీటిని మొదట దూషితమని వేరుచేసిన పిదపనే, గత్యంతరము లేనివానికి ఉపాయములు చెప్పెను. కుళాయి, బావి, డబ్బా నీరు గల గృహస్థుడు గత్యంతరము లేనివాడు కాడు. అన్ని విషములకు కాచుట ఒకటే మందని శాస్త్రము ఎచటను అనలేదు.

అయితే మన పెద్దల ఉపాయములలో ఒకటి నేటి విజ్ఞానమునకు చక్కగా సరిపోవుచున్నది. అది నీటిని తేర్చుట. చిల్లగింజను అరగదీసి కలుపుటయు, పటిక త్రిప్పుటయు కలకను ముద్దగట్టించి అడుగునకు దించును. పటిక చాలవరకు శైవల కణమును పగులగొట్టకయే దించునని నీటిశుద్ధి నిపుణులును అంగీకరించుచున్నారు. దోషమును లోపలనే అణచుట శమనము, వెలికి పంపుట శోధనము. పచ్చని నీటికి శోధనమే తగినది. అయినను ఇంటిలో పటిక వేసినంత మాత్రమున ఆ నీరు త్రాగుటకు పనికివచ్చునని నేను చెప్పను. అంతకుముందే కొంత విషము కరగియుండవచ్చును. అడుగున చేరిన మడ్డిని త్వరగా తీసివేయనిచో అందలి కణములు చివికి మరల విషము విడుచును. నీటిసరఫరా కేంద్రములలో ముందు కణములను తేర్చి తీసివేసి, పిదప తగిన మోతాదులో క్లోరిను కలిపి, అవసరమైనచోట ఉత్తేజిత బొగ్గు వాడుదురు. ఆ క్రమము ఇంటి బిందెలో సాధ్యము కాదు.

స్పిరులినా మాత్రలను గురించి కూడ కొందరు అడుగుచుందురు. అదియు నీలి శైవలమే. కాని మంచి తొట్లలో పెంచినది మైక్రోసిస్టిన్ చేయదు. చిక్కు ఎచటననగా, ప్రకృతి సరస్సులనుండి తోడి అమ్ము శైవలములందు. ఒరెగాన్ రాష్ట్రము 1997లో ఇట్టి ఆహారమునకు గ్రాముకు 1 మైక్రోగ్రాము హద్దు విధించినది. 2000లో ప్రకటింపబడిన పరీక్షలో 87 నమూనాలకు 85లో విషము కనిపించినది. 63 ఆ హద్దు దాటినవి. శైవలము లోహమును కూడ పీల్చుకొనును గనుక, లోహపరీక్ష, విషపరీక్ష రెండును చేసితిమని పొట్లముపై లేనిదానిని పిల్లలకు ఇయ్యకుండుట మేలు.

పచ్చని తెట్టు గల నీటిలో స్నానము చేసిన పిదప చర్మము దద్దురులు లేచుట, కన్నులు మండుట, త్రాగిన పిదప వాంతులు, విరేచనములు, కుడిడొక్కలో నొప్పి, మూత్రము పచ్చబడుట కనిపించినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఏ నీరు త్రాగిరో వైద్యునకు తప్పక చెప్పవలెను. అడుగనిదే చెప్పనివారే ఎక్కువ. కామెర్లకు నేలఉసిరి వాడుక నాకు తెలియనిది కాదు. ఈ విషమునకు విరుగుడని దానిని నూరుచు ఇంట కాలయాపన చేయుటకు మాత్రము నేను సమ్మతింపను. అట్టి చెరువు చేపలను తినవలసివచ్చినచో కాలేయమును, ప్రేగులను పూర్తిగా తీసివేసి, కండను మంచినీటితో కడిగి వండవలెను.

ఆ పాఠకురాలికి తరువాత వ్రాసిన రెండవ ఉత్తరములోని మాటలివి. అత్తగారిని నొప్పించవద్దు, ఆమె తన పెద్దలనుండి నేర్చినదే చేసిరి. తొట్టిలోని నీటిని వంటకు గాని, పాత్రలు తోముటకు గాని వాడక, బావికి, చెరువుకు, కాలువకు దూరముగా ఎండునేలపై పలుచగా పారబోయించండి. కూరపాదులకు పోయవద్దు, రాగి మట్టిలో నిలిచిపోవును. తొట్టి గోడలను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్ది, మడ్డిని ఎత్తివేసి, రెండుమార్లు కడిగించండి. వెలుతురు చొరని మూత చేయించండి. వెలుతురు లేనిచోట ఏ పాచియు పెరుగదు. చెరువు నీరే పచ్చగా వచ్చుచున్నచో ఆ మాట పంచాయతీకి వ్రాతపూర్వకముగా తెలిపి, అంతవరకు త్రాగుటకు వేరు నీరు తెప్పించుకొనండి. మిగిలిన మైలుతుత్తపు గడ్డను పిల్లల చేతికందని చోట పెట్టండి. దాని రంగు చూచి పటికబెల్లమనుకొని నోట పెట్టుకొను పసివారున్నారు.